ముగింపు మాస్టారిది, పేరు నాది

గాజువాక నుంచి ఒక పాఠకురాలు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి దాని సారాంశం ఇస్తున్నాను.

ఆమెకు 33 ఏళ్ళు. పోర్టు సరుకు రవాణా చూసే ఒక కంపెనీలో లెక్కలు రాస్తారు. తాతగారి ఊరు ఉక్కు కర్మాగారం కిందికి పోయింది. నిర్వాసితుల కుటుంబాలకు ఇచ్చిన ఆర్ కార్డు వాళ్ళ బీరువాలో ఇప్పటికీ ఉంది కానీ, ఆ కార్డు మీద తండ్రికి రావలసిన ఉద్యోగం రాలేదు. అలాంటి ఇళ్ళ గురించే ఆమె కథలు రాస్తారు. నాలుగేళ్ళ కిందట ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో జరిగిన ఒక సభలో, రిటైరైన లెక్చరరూ పేరున్న కథకుడూ అయిన ఒక పెద్దాయన పరిచయమయ్యారు. ఆయన్ను ఆమె మాస్టారు అని పిలుస్తారు. కథ పట్టుకుని ఎం.వి.పి. కాలనీలోని వాళ్ళింటికి వెళ్ళడం, ఆయన ఎర్ర సిరాతో దిద్దడం, దిద్దినట్టే తిరగరాయడం, ఆయన ఎడిటర్లకు ఫోన్ చేసి చెప్పడం. అలా ఏడు కథలు అచ్చయ్యాయి.

నిరుడు సంక్రాంతి కథల పోటీకి పంపవలసిన కథను, ఒకసారి చూస్తానని ఆయన తెప్పించుకున్నారు. గడువు రేపనగా తిరిగి పంపారు. చివరి పేజీ పూర్తిగా కొత్తది. కథలో నాయనమ్మ మాట్లాడే మాటలన్నీ పుస్తక భాషలోకి మారిపోయాయి. ఆమె అలాగే పంపేశారు, ‘ఇది నా సొంత రచన’ అన్న హామీపత్రం మీద సంతకం పెట్టి. బహుమతి వచ్చింది. సభలో మాట్లాడిన ముగ్గురూ ముగింపునే మెచ్చుకున్నారు. “శాలువా కప్పుతుంటే అక్కడి నుంచి మాయమైపోవాలనిపించింది” అని రాశారు.

ఇప్పుడు పన్నెండు కథలతో సంపుటి వేద్దామని మాస్టారు అంటున్నారు. కథల ఎంపిక ఆయనది, ముందుమాట ఆయనది, అచ్చు వేసేది ఆయనకు తెలిసినవాళ్ళు. 60 వేలు మాత్రం ఈమె పెట్టుకోవాలి. 35 ఏళ్ళు దాటితే కేంద్ర సాహిత్య అకాడెమీ యువ పురస్కారానికి అర్హత పోతుంది కాబట్టి త్వరపడమంటున్నారు. తండ్రి మీద రాసిన కథను మాత్రం “ఇది కథ కాదమ్మా, ఫిర్యాదు” అని పక్కన పెట్టించారు. ఇంతలో ఒక పత్రిక ఆదివారం అనుబంధం ఎడిటరు నేరుగా ఈమెకే మెయిల్ పంపి కథ అడిగారు. ఆ సంగతి మాస్టారికి చెప్పలేదు. భర్తేమో “ఆయన రాసేదానికి నీ పేరెందుకు? మానెయ్” అంటున్నారు.

బహుమతి వచ్చిన కథ నాదేనా, పుస్తకం వేయాలా, మాస్టారు చూడందే ఒక్క వాక్యం కూడా బాగుందని నమ్మలేని నేను అసలు రచయిత్రినేనా, ఆయనకు ద్రోహం చేయకుండా ఇందులోంచి బయటపడేదెలా అని అడుగుతున్నారు.

* * *

ఈ ఉత్తరాన్ని మాస్టారు చూడలేదు. ఎర్ర సిరా తగలలేదు. అయినా ఎనిమిది పేజీలూ నన్ను ఆపకుండా చదివించాయి. మీ నాన్నగారు ఏటా వానలకు ముందు ఆర్ కార్డును బయటికి తీసి, తుడిచి, చెమ్మ తగలకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టేవారనీ, కవరు మాత్రం ప్రతిసారీ కొత్తది కొనేవారనీ రాశారు. ఉద్యోగం మీద ఆశ వదులుకున్న మనిషి కొత్త కవరు కొనడు. ఆ సంగతి మీరు ఎక్కడా విడమరచి చెప్పలేదు, కవరు చూపించి ఊరుకున్నారు. అది మీకు ఎవరూ నేర్పింది కాదు. అందుకని, మీరు రచయిత్రేనా అన్న ప్రశ్న మీద నేను ఎక్కువసేపు నిలబడను.

రాసినదాని మీద తీర్పు చెప్పే పనిని నాలుగేళ్ళుగా ఇంకొకరికి అప్పగించారు. వాడకపోవడం వల్ల మీలో ఆ శక్తి మందగించింది. మీ ఇబ్బందంతా అక్కడుంది. మాస్టారిని వదిలేసినంత మాత్రాన ఆ శక్తి తిరిగి రాదు. ఇంకో మాస్టారు దొరికితే మళ్ళీ ఇదే వరస మొదలవుతుంది.

పైగా ఆయన మీకు కీడు తలపెట్టిన మనిషిలా నాకు కనబడలేదు. తెలుగులో కొత్త కథకులకు రాత నేర్పే బడులు లేవు, కథను రచయితతో కూర్చుని చూసే తీరిక ఎడిటర్లకు లేదు. ఒక పెద్ద కథకుడు ఇంటికి రమ్మని, టీ ఇచ్చి, మన పచ్చి రాతప్రతిని ఓపికగా చదవడమే మనకున్న పాఠశాల. ఉత్తరాంధ్రలో ఈ ఆనవాయితీకి గట్టి పునాదే ఉంది. కాళీపట్నం రామారావు గారు విశాఖలో బడిపంతులుగా పనిచేస్తూ కథలు రాశారు, తర్వాతి తరాలవాళ్ళ కథలు చదివి మంచిచెడ్డలు చెప్పారు, 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. కేంద్ర ప్రభుత్వం కూడా 2021లో నేషనల్ బుక్ ట్రస్టు ద్వారా యువ రచయితలకు మార్గదర్శకులను చూపించి, ఆరు నెలలపాటు నెలకు 50 వేల రూపాయలిచ్చే పథకం మొదలుపెట్టింది. అది 30 ఏళ్ళ లోపువాళ్ళకే, మీకు వయసు దాటింది. కాబట్టి పైసా తీసుకోకుండా మీ కథలు చదివే మనిషి మీకు తేలిగ్గా దొరికే మనిషి కాదు.

అడగకపోయినా ఒక మాట చెప్పాలి. ఆయన ప్రవర్తనలో మిమ్మల్ని ఇబ్బంది పెట్టేది మరేదైనా ఉంటే నా సమాధానం ఇంకోలా ఉండేది. కథ చదివేటప్పుడు వాళ్ళావిడ కూడా పక్కనే కూర్చుని వింటారని రాశారు కాబట్టి ఆ సంగతి అక్కడితో వదిలేస్తున్నాను.

ఆయన ఎర్ర సిరా రెండు రకాల పనులు చేసింది. “మూడో పేజీలో నాయనమ్మ ఎందుకు లేచి వెళ్ళిపోయిందో నాకు తెలియలేదు” అనడం ఒకటి. ఎందుకు వెళ్ళిందో తానే రాసేయడం ఇంకొకటి. మొదటిదానివల్ల కథ బాగుపడుతుంది, రాసేవాళ్ళూ బాగుపడతారు. రెండోదానివల్ల కథ బాగుపడవచ్చు. మీ ఏడు కథల్లో ఏది ఎంత ఉందో మీకే సరిగ్గా తెలియదని నా అనుమానం. మొదటి ప్రతులు మీ కంప్యూటరులో ఉంటాయి కదా. వాటినీ అచ్చయినవాటినీ పక్కపక్కన పెట్టి, ఆయన రాసిన వాక్యాలకు ఒక రంగు, ఆయన ప్రశ్నిస్తే మీరు ఆలోచించి రాసిన వాక్యాలకు ఇంకో రంగు వేయండి. పోటీ కథను పక్కన పెడితే, మీరు భయపడినంత కనబడదనుకుంటాను. ఒకవేళ పేజీల నిండా మొదటి రంగే కనబడితే, ఏ కథలు సంపుటిలోకి రాకూడదో తేలిపోతుంది.

ఇక పోటీ కథ. కాపీరైటు చట్టం ప్రకారం ఆలోచనకూ సలహాకూ హక్కు ఉండదు, అక్షరరూపం తీసుకున్న రచనకే ఉంటుంది. ముగింపు ఫలానా విధంగా ఉంటే బాగుంటుందని ఆయన చెప్పి, మీరు రాసి ఉంటే పేచీయే లేదు. ఆయనే రాసిన పేజీ అంత తేలికగా తీసిపారేయదగ్గది కాదు. ఆయన ఎన్నడూ దాని మీద హక్కు అడగకపోవచ్చు. అయినా మీకు నిద్ర లేకుండా చేస్తున్నది హామీపత్రం మీది సంతకం. పత్రికల్లో కథల ముగింపులు కత్తిరించడం, రెండు వాక్యాల ముందే ఆపేయడం మామూలే, దానికి ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు. పోటీకి వెళ్ళే ముందు ఒక పేజీ మొత్తం ఇంకొకరు రాయడం మాత్రం దిద్దుబాటు కిందికి రాదు. మీ చేతిలో ఇంకా ఒక రోజు ఉంది. మీ ముగింపు మీ దగ్గరే ఉంది. ఆయన బలవంతపెట్టినట్టు మీరెక్కడా రాయలేదు. పంపింది మీరే. దీన్ని మెత్తగా చెప్పడం నాకు చేతకావడం లేదు.

నిర్వాహకులకు నిజం చెప్పేయవచ్చు. బహుమతి వెనక్కి పోవచ్చు, మాస్టారి పేరు కూడా బయటికి వస్తుంది కాబట్టి ముందు ఆయనకు చెప్పకుండా చేయకూడదు, ఆ తర్వాత కొన్నాళ్ళు సభల్లో గుసగుసలు భరించాలి. మనసు మీది బరువు మాత్రం దిగుతుంది. లేదా ఎవరికీ ఏమీ చెప్పకుండా, ఆ కథను ఏ పుస్తకంలోనూ చేర్చకుండా వదిలేయవచ్చు. బయట ఏ గొడవా ఉండదు. కానీ ఎవరైనా ఆ ముగింపును మెచ్చుకున్న ప్రతిసారీ ఆ రోజు వేదిక మీద ఉన్నట్టే ఉంటుంది. ఇంకోటి, సంపుటి వేసేటప్పుడు మీ ముగింపునే పెట్టి, పోటీలో వచ్చిన ముగింపు మాస్టారిదని కింద ఒక వాక్యం రాయవచ్చు. అచ్చయినదాన్ని మార్చకూడదన్న నియమమేమీ లేదు. గురజాడ 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని 1909లో దాదాపు కొత్త నాటకంలా తిరగరాసి వేశారు. నా మొగ్గు ఇటువైపే. దీనికీ ఒక మూల్యం ఉంది. రెండు ముగింపులూ చదివినవాళ్ళు ఆయనదే బాగుందనవచ్చు. అన్నా ఓర్చుకోగలననుకుంటేనే ఆ పని చేయండి.

నాయనమ్మ మాటలు మార్చడం మాత్రం నాకు కోపం తెప్పించింది. రాచకొండ విశ్వనాథ శాస్త్రి విశాఖ కోర్టుల్లో ప్లీడరుగా ఉంటూ, అక్కడికి వచ్చిపోయే మనుషుల మాటలనే కథల్లోకి తెచ్చారు. అన్ని ప్రాంతాల తెలుగువాళ్ళూ వాటిని చదివారు. అర్థం కాని మాట ఒకటీ అరా ఉంటే ఎడిటరు అడుగుతారు, అప్పుడు చూసుకోవచ్చు. దానికోసం ముసలావిడ నోరు మొత్తం కడిగేయనక్కర్లేదు. మాస్టారి పక్షాన కూడా ఒక వాదన ఉంది, కాదనను. చెవికి వినబడినదంతా కాగితం మీద పెడితే పాఠకుడు ప్రతి మాట దగ్గరా తడబడతాడు. ఎంత ఉంచాలి, ఎంత వదలాలి అన్నది తేల్చడానికి పెద్ద కథకుల అవసరం కూడా లేదు. మీ మేనత్తను కూర్చోబెట్టి గట్టిగా చదివి వినిపించండి. కథ నిర్మాణం గురించి ఆవిడ ఏమీ చెప్పలేకపోవచ్చు. నాయనమ్మ అలా అనదని మాత్రం ఠక్కున చెబుతుంది.

నాన్నగారి కథ నేను చదవలేదు. కాబట్టి మాస్టారు పొరబడ్డారని అనలేను. చనువు ఎక్కువ తీసుకున్నారు కాబట్టి ఆయన తీర్పులన్నీ కొట్టేయవచ్చనుకుంటే మీరే నష్టపోతారు. ఫిర్యాదో కథో మీరే పరీక్షించుకోవచ్చు. ఆ కథలో నాన్నగారు ఎక్కడైనా తప్పు చేస్తారా? తనకంటే వెనుక పేరున్నవాడికి ఉద్యోగం వస్తే కుళ్ళుకుంటారా? ఇంట్లో ఎవరి మీదైనా ఆ కోపం తీర్చుకుంటారా? ఆఫీసులో ఆయన్ను తిప్పి పంపే గుమాస్తా ఒక్క క్షణమైనా మనిషిలా కనిపిస్తాడా, లేక గుమ్మం దగ్గర కూర్చున్న దయ్యమా? ఒక పక్కన అందరూ అమాయకులు, ఇంకో పక్కన అందరూ దుర్మార్గులు అయితే మాస్టారు అన్నది నిజం. ఇంకో సంగతి ఆలోచించండి. 1966లో ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అని ఊరూవాడా ఉద్యమించింది. మీ తాతగారి ఊరి నుంచి ఎవరైనా ఆ ఊరేగింపుల్లో నడిచారా? ఫ్యాక్టరీ కావాలని అరిచిన మనిషే తర్వాత భూమి పోయిందని ఏడ్చి ఉంటే, ఆ మనిషి దగ్గర ఫిర్యాదుకు లొంగని కథ ఉంది. ఉన్నారో లేదో నాకు తెలియదు, మీ నాన్నగారికి తెలిసి ఉండాలి. అడగండి. మాస్టారిని కూడా అడగండి, చదువుతూ చదువుతూ ఏ వాక్యం దగ్గర విసుగు పుట్టిందని. ‘ఇది కథ కాదు’ అనే తీర్పుతో మీరేమీ చేయలేరు. ‘ఇక్కడ విసుగొచ్చింది’ అంటే ఆ చోటికి వెళ్ళి చూడవచ్చు.

పుస్తకం దగ్గరికి వద్దాం. యువ పురస్కారం 2011 నుంచి ఇస్తున్నారు. 35 దాటనివాళ్ళకు, భాషకు ఒక్కటి, 50 వేల రూపాయలు. మంచి గుర్తింపే. కానీ తెలుగు రాసే యువతీయువకులందరిలో ఏటా ఒక్కరికే వచ్చేదాన్ని క్యాలెండరు పెట్టుకుని వెంబడించడం నాకు నచ్చదు. మీకు అచ్చయిన కథలు ఏడు. నాన్నగారి కథను పక్కన పెట్టారు. సంపుటికి పన్నెండు కావాలి. మిగతా ఐదు ఎక్కడినుంచి వస్తాయి? తొందరలో రాస్తారు, తొందరలో దిద్దించుకుంటారు, ఇప్పుడు మిమ్మల్ని ఏది బాధపెడుతోందో అదే ఇంకో ఐదుసార్లు జరుగుతుంది. ఆగితే పురస్కారం అవకాశం పోవచ్చు, పుస్తకం మీదవుతుంది. ఏం కోల్పోవడానికి మీరు సిద్ధమో మీరే చెప్పాలి.

వేయాలనే నిర్ణయించుకుంటే, డబ్బు పెట్టేది మీరు కాబట్టి కథల ఎంపిక కూడా మీదే కావాలి. ఎన్ని కాపీలు, అవి ఎక్కడ ఉంటాయి, ఎవరు అమ్ముతారు, డీటీపీ ఫైళ్ళు మీకు ఇస్తారా అని ముందే రాయించుకోండి. అచ్చు వేయించి కట్టలు మంచం కింద పెట్టుకున్న రచయితలు నాకు చాలామంది తెలుసు. ఐ.ఎస్.బి.ఎన్. నంబరు మన దేశంలో ఉచితంగానే ఇస్తారు, దానికి వేరే ఖర్చు చూపిస్తే ఎందుకని అడగండి. కాపీరైటు మీ పేరునే ఉండాలి. ఎవరికైనా హక్కులు రాసిచ్చే పరిస్థితి వస్తే, కాలపరిమితి రాయని ఒప్పందాన్ని చట్టం ఐదేళ్ళ కిందనే లెక్కగడుతుందని గుర్తుంచుకుని, ఎన్నేళ్ళో స్పష్టంగా రాయించండి. ఈ రంగంలో వచ్చే పారితోషికంతో ఇల్లు నడవదు, కొన్నిచోట్ల అదీ ఇవ్వరు. లెక్కల ఉద్యోగాన్ని తక్కువగా చూడకండి. ఎవరి సిఫారసు ఫోనుకూ ఎదురుచూడకుండా మీరు రాయగలిగేది ఆ జీతం వల్లే.

మాస్టారితో ఏమనాలి? ఏమీ అనకుండా ఇలాగే సాగితే పుస్తకాలు వస్తాయి, సమీక్షల్లో ఆయన శిష్యురాలిగా పేరూ వస్తుంది. ఆయన చదవలేని రోజు వచ్చినప్పుడు మీ చేతిలో కలం ఆగిపోతుంది. చెప్పకుండా ముఖం చాటేస్తే విశాఖ సాహిత్య లోకం ఎంత చిన్నదో మీకు తెలుసు, వచ్చే నెల సభలో మెట్ల మీదే ఎదురవుతారు. అప్పుడు చెప్పే అబద్ధం ఇప్పుడు చెప్పవలసిన నిజం కంటే కష్టం. మాట్లాడటమే మేలని నాకనిపిస్తుంది. వాట్సాప్‌లో వద్దు, సభలో వద్దు, వాళ్ళింటికే వెళ్ళండి. నేనైతే ఇలా అడిగేదాన్ని: “మాస్టారూ, ఇక నా కథలో మీరేమీ రాయకండి. చదువుతూ ఎక్కడ ఆగారో అక్కడ గీత పెట్టి ఇవ్వండి చాలు. ఎలా సరిచేయాలో నేను తంటాలు పడతాను. పోటీ కథ ముగింపు మీది, పేరు నాది అయింది. అది నన్ను తినేస్తోంది.” ఈ చివరి వాక్యం మింగేయకండి. అది లేకపోతే మిగతాది మర్యాద మాటలా వినబడుతుంది.

ఆయన నొచ్చుకోవచ్చు. నీ మేలు కోరి చేశానంటారు, అది నిజం కూడా. ముందుమాట రాయననవచ్చు, కొన్ని నెలలు ఫోన్ చేయకపోవచ్చు. అంతకంటే మంచిది కూడా జరగవచ్చు. చాలామంది పెద్ద కథకులు, పక్కవాడి కథ చదువుతుంటే చేయి ఆగక రాసేస్తారు, ఎవరో ఒకరు ఆపితే ఆగుతారు. ఇన్నాళ్ళూ మీరు ఆపలేదు. మీరు అనుకునే ద్రోహం ఇందులో నాకెక్కడా కనబడలేదు. ఆయన పంచిన సమయానికి కృతజ్ఞత చెప్పుకోవాలి, పుస్తకం మొదటి పేజీలో చెప్పవచ్చు. మీ కథ చివరి పేజీ ఇచ్చి తీర్చవలసిన బాకీ అయితే కాదు.

ఆ గ్రంథాలయం సభలకే మీ వయసువాళ్ళు ఇద్దరు ముగ్గురు వస్తుంటారు. వాళ్ళ కథలు మీరు చదవండి, మీవి వాళ్ళకివ్వండి. ఒకరి కథలో ఇంకొకరు వాక్యం రాయకూడదన్నది ఒక్కటే షరతు. ఇతరుల రాతప్రతుల్లో లోపం పట్టుకోవడం అలవాటైతే, మీ దాంట్లో పట్టుకోవడానికి మాస్టారి దాకా వెళ్ళనక్కర్లేదు. మీవారితో వాదనకు దిగకండి. ఆయన మాటలో సగం నిజం ఉంది కాబట్టే గుచ్చుకుంది. రంగులు వేసిన ప్రతులు ఆయన ముందు పెట్టండి.

ఎడిటరు మెయిలుకు ఈ వారంలోనే జవాబివ్వండి. ఎన్ని పదాలు, ఎప్పటిలోగా అని అడగండి. నాన్నగారి కథ పైన చెప్పిన పరీక్షకు నిలబడితే అదే పంపండి, నిలబడకపోతే మీ దగ్గరున్న మరో కథ, ఎవరూ దిద్దనిది. మాస్టారికి చెప్పండి, కానీ పంపాక చెప్పండి. ఎడిటరు వేసుకుంటే సరే. తిప్పి పంపి కారణం చెబితే, ఆ కారణాన్ని రెండు రోజులు పక్కన పెట్టి మళ్ళీ చదవండి, మొదటి రోజు ప్రతి మాటా అవమానంలాగే వినబడుతుంది. కారణం చెప్పకపోతే ఇంకో పత్రికకు పంపండి. ఒకేసారి రెండింటికి మాత్రం పంపకండి. పరిశీలనలో ఉన్న కథ ఇంకోచోట అచ్చయితే ఎడిటర్లు ఆ పేరు చాలాకాలం మరిచిపోరు.